నైరుతి గోడ

మొన్న ఆదివారం ఇక్కడ అమెరికాలో, మా అరోరా ఊళ్లో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. ఇల్లు ఎంత పెద్దదంటే, బాత్‌రూమ్ వెతుక్కుంటూ బయలుదేరి, దారిలో రెండు బెడ్‌రూముల్లో నడుం వాల్చిన పెద్దవాళ్లకి నమస్కారాలు పెట్టుకుంటూ తిరిగొచ్చాను. భోజనాల దగ్గర కుర్రాళ్లు పేపర్ ప్లేట్లు పట్టుకుని ఎలక్షన్ల మీద పడ్డారు. యూనియన్ల వల్లే కంపెనీలు పాడైపోతున్నాయని ఒకడన్నాడు. ఇంకొకడు నావైపు తిరిగి, "గవర్నమెంట్ ఇళ్లిస్తే ఎవడు వర్క్ చేస్తాడు అంకుల్? మనమంతా కష్టపడి కొనుక్కోలేదా? మీరే చెప్పండి. ఇన్నేళ్లు లాండ్రోమాట్ పెట్టి బట్టలుతికే బిజినెస్ రన్ చేశారు, మీరు రైట్ సైడే కదా?" అన్నాడు.

"నేను పెరిగిందే గవర్నమెంట్ ఇచ్చిన ఇంట్లో నాన్నా. అదీ యూనియన్ ఇప్పించిన ఇల్లు," అన్నాను.

వ్రతం పీటల మీద చేపల పులుసు పేరెత్తినట్టు అందరూ ఆగిపోయారు. ఆ ఇంటి అమ్మాయి చప్పున, "అంకుల్‌కి ఇంకో రెండు బొబ్బట్లు వెయ్యండి," అంది. మనవాళ్లలో అదొక పద్ధతి. పెద్దవాడు చిక్కు మాట మాట్లాడితే వాదించరు, నోట్లో ఏదో ఒకటి పెట్టేస్తారు. నేనూ పెట్టించుకున్నాను. నోరు మూతబడింది కానీ మనసు ఆగలేదు. తిరిగి కారెక్కి ఇల్లు చేరేదాకా నేను ఇలినాయిలో లేను.

నా చిన్నతనం ఇంగ్లండులో గడిచింది. ఏ ఊరో చెప్పను. చెబితే అక్కడ ఇంకా బతికున్నవాళ్లెవరైనా నేను పగలగొట్టిన కిటికీల సంగతి తీస్తారు. నాన్న అక్కడ సిటీ బస్సులో కండక్టరు, తరవాత డ్రైవరు. మొదట్లో ఒక కిరాణా కొట్టు మీద ఒకే గదిలో ఉండేవాళ్లం. చలికాలం వస్తే ఆ గది గోడలు కన్నీళ్లు పెట్టుకునేవి. అమ్మ తోడుండేది వాటికి. మంచం కింద బియ్యం బస్తా, మంచం మీద మేం ముగ్గురం, మంచం చుట్టూ ఆరని బట్టలు. ఇప్పటికీ తడి ఉన్ని కోటు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. ఆ వాసనలోనే అన్నాలు తిన్నాం మరి.

అక్కడ కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిది. అది కూలీనాలీ చేసుకునేవాళ్ల కోసం వీధులకి వీధులు ఇళ్లు కట్టి, తక్కువ అద్దెకి ఇచ్చేది. వాటికోసం పెద్ద వరస ఉండేది. మా నాన్న ఆఫీసుకి వెళ్లి మొహం చూపించినప్పుడల్లా ఆ వరస ఇంకాస్త పొడుగయ్యేది. అది గమనించినవాడు డిపోలో యూనియన్ చూసే ఒక పెద్దాయన. ఇంగ్లీషువాడు, పొట్టివాడు, నోట్లో ఎప్పుడూ పైపు. ఒకరోజు నాన్నని వెంటబెట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లి, బల్ల ముందు కుర్చీ లాక్కుని, "ఈయన వంతు వచ్చేదాకా నేను లేవను. తొందరేం లేదు, టీ ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాను," అని ఫ్లాస్కు మూత తీశాడట. ఆ టీ అయిపోయేలోపు మా వంతు వచ్చింది. మాకిచ్చిన ఇల్లు ఆయన పక్కిల్లే.

యూనియన్‌లో మగవాళ్లు ఒకరినొకరు బ్రదర్ అనుకునేవారు. అది డిపోలో మర్యాద మాత్రమేనని మా అమ్మకి ఎవరూ చెప్పలేదు. "మీ నాన్నకి అన్నయ్యయితే నీకు పెదనాన్నే కదరా," అని తేల్చేసింది. అప్పట్నుంచీ ఆయన నాకు పెదనాన్న, ఆయన భార్య పెద్దమ్మ. బావగారి ముందు కూర్చోకూడదు గనక ఆయన వచ్చినప్పుడల్లా అమ్మ దిగ్గున లేచి నిలబడేది. కొన్నాళ్లు చూసి చూసి, "బ్రదర్, మీ ఆవిడ కుర్చీలో మేకేమైనా ఉందా? చెప్పు, సుత్తి తెస్తాను," అన్నాడాయన.

రెండు పెరళ్ల మధ్య నడుమెత్తు పచ్చటి కంచె. నా బంతి అటు పడిన ప్రతిసారీ దాంట్లో దూరి దూరి ఒక మూల సందు చేశాను. నేను చేసిన సందులోంచి గిన్నెలు నడవడం మొదలుపెట్టాయి. ఇటునుంచి గారెలు వెళ్లేవి, అటునుంచి ఆపిల్ కేకులు వచ్చేవి. గిన్నెల వెనక మనుషులు నడిచారు. రెండో ఏడు వచ్చేసరికి అది సందు కాదు, రహదారి.

ఆ మూలలోనే పెద్దమ్మ రూబార్బ్ పెంచేది. ఎర్రటి కాడలు, ఏనుగు చెవులంత ఆకులు. మొదటి వసంతంలో పెద్దమ్మ ఒక మోపెడు ఇచ్చింది. అమ్మ కాడ కొరికి చూసి, పులుపు తగిలి, కళ్లనీళ్లు పెట్టుకుంది. "గోంగూరే రా! సీమ గోంగూర!" అంటూ గోంగూరకి చేసినట్టే చేసింది. కాడలు పారేసింది, ఆకులు తరిగి బాణలిలో వేసింది. పెద్దమ్మ తన వంటింటి కిటికీలోంచి మా పెరటి చెత్తబుట్టలో కాడలు చూసింది. ఆ భారీ మనిషి చేతులకి పిండితోనే సందులోంచి దూసుకొచ్చి, మాటా పలుకూ లేకుండా బాణలి ఎత్తి పెరట్లో పారబోసింది. అమ్మ నిలువునా మండిపోయింది. "నా పొయ్యి మీది కూర పారబోస్తుందా? కులం తక్కువ కూరా నాది?" అని ఒక పూట వాకిట్లోకి రాలేదు. సాయంత్రం నాన్న డ్యూటీ దిగొచ్చి, విషయం కనుక్కుని, "పిచ్చిదానా, ఆ ఆకు విషం. ఆవిడ పరిగెత్తకపోతే రేపు మనకి దండలేసేవాళ్లు," అన్నాడు. మర్నాడు అమ్మ కాడలతో పచ్చడి నూరి, ఎండు మిరపకాయలు సగం తగ్గించి, సందులోంచి పట్టుకెళ్లింది. పెద్దమ్మ దాన్ని బిస్కెట్ మీద రాసుకుని తింది. అది చూసి అమ్మ పడిన బాధ వేరే కథ.

ఒక చలికాలం డిపోలో సమ్మె జరిగింది. బస్సుల్లేక ఊరంతా నడిచింది. గేటు ముందు ఇనప డ్రమ్ములో మంట వేసుకుని మగవాళ్లు పగలంతా నిలబడేవారు. అమ్మ క్యారేజీ నిండా పులిహోర చేసి నాకిచ్చి పంపేది. చలికి ముక్కులెర్రబడిన ఆ బస్సు డ్రైవర్లు గుప్పిళ్లతో తినేవారు. ఒకరోజు నేను క్యారేజీ కింది గిన్నెలో ఉన్న ఆవకాయని ఇండియా జామ్ అని చెప్పాను. ఒక బలిసిన డ్రైవరు రొట్టె మీద మందంగా పూసుకుని ఒక్క కొరుకు కొరికాడు. ఆ తరవాత అతను మంట దగ్గర నిలబడాల్సిన అవసరం రాలేదు. పెదనాన్న నా చెవి మెలిపెట్టి, "ఇది మొదట్రోజే మేనేజర్లకి పంపించి ఉంటే సమ్మె చేసే పనుండేది కాదు కదరా," అన్నాడు. నాన్న నవ్వి నవ్వి ఆయన భుజం మీద వాలిపోయాడు. నాన్న అలా ఇంకొకడి మీద వాలి నవ్వడం అదొక్కసారే చూశాను.

తరవాత ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు కుడివైపువాళ్లు, యూనియన్లంటే పడనివాళ్లు. కౌన్సిల్ ఇళ్లలో ఉంటున్నవాళ్లు తమ ఇల్లు తామే చవగ్గా కొనుక్కోవచ్చన్నారు. మా వీధిలో తలుపులన్నిటికీ అప్పటిదాకా కౌన్సిల్ వేసిన ఒకే ఆకుపచ్చ రంగు. కొన్నవాడు కొన్న మర్నాడే తలుపుకి ఎరుపో నీలమో వేసేవాడు. ఎవరు ఏ పార్టీకి తిరిగారో తలుపు చూసి చెప్పేయొచ్చు. పెదనాన్న ఆ వీధిలో నడిచేటప్పుడు తల దించుకుని నడవడం మొదలుపెట్టాడు.

మా నాన్న మనసు కొనడం మీదికి పోయింది. ఆ సంగతి పెదనాన్నకి సందు దగ్గరే చెప్పాడు. నేను పక్కనే పెద్దమ్మ బంగాళాదుంపలు తవ్వుతూ ఉన్నాను. తవ్వుతున్నట్టు ఉన్నానులెండి.

"బ్రదర్," అన్నాడు పెదనాన్న, "ఇల్లు బస్సులో సీటు లాంటిది. ఎక్కావు, కూర్చున్నావు, నీ స్టాపు వచ్చేదాకా నిన్ను లేపే మొనగాడు లేడు. అలాగని దిగేటప్పుడు సీటు పీక్కుని పోతావా? తరవాతి స్టాపులో ఎక్కేవాడేం చెయ్యాలి? నువ్వూ ఒకప్పుడు స్టాపులో నిలబడ్డవాడివే."

నాన్న తనకొచ్చిన ఇంగ్లీషులో, మధ్యమధ్య మాటల కోసం నన్ను అడుగుతూ, చెప్పుకొచ్చాడు. "మా నాన్న జన్మంతా నిలబడే ప్రయాణం చేశాడు బ్రదర్. మా తాతలనాటి నుంచీ అద్దె కొంపలే. మా దగ్గర అద్దెకున్నవాడు చచ్చిపోతే శవాన్ని ఇంట్లో ఉంచనివ్వరు. ఇంటికి అరిష్టమంటారు. వానలో మా నాన్నని వీధి అరుగు మీద పెట్టుకుని, పైన గోనెపట్టా పట్టుకుని నిలబడ్డాం. నేను మాత్రం నా గుమ్మంలోంచి వెళ్లాలి."

పెదనాన్న పైపు తీసి దులిపాడు. "మీ నాన్నకి జరిగింది అన్యాయం," అన్నాడు. "కానీ నువ్వు చేసేది తప్పే."

"తప్పే కావచ్చు," అన్నాడు నాన్న.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఇన్నేళ్లు నేను తిప్పి తిప్పి చూశాను, ఇద్దరిలో ఎవరు ఓడారో నాకు తేలలేదు. నేను బడి మానేసింది పదహారో ఏట, బడి నన్ను అంతకు చాలా ముందే మానేసింది. అందుకని నాకు తేలలేదేమో అనుకునేవాణ్ని. మొన్న ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా పెద్ద చదువులవాళ్లు. వాళ్లకి మరీ తొందరగా తేలిపోతోంది.

నాన్న ఇల్లు కొన్నాడు. అందరూ అనుకున్నట్టు దాంతో స్నేహం చెడలేదు. పాలు పొంగించే రోజు పెదనాన్న, పెద్దమ్మ ఇద్దరూ సందులోంచే వచ్చారు. ఆయన ఒక్క గుండీ వదలకుండా కోటు వేసుకుని, సంతాప సభకి వచ్చినవాడిలా మూల నిలబడ్డాడు. పాలు పొంగడం మొదలైంది. అమ్మ దణ్ణం పెడుతోంది. పెదనాన్నేమో, "అయ్యో, పొయ్యి!" అని ఒక్క గెంతు గెంతి గ్యాస్ కట్టేశాడు. అమ్మ, "బావగారూ!" అని కేక పెట్టింది. పొంగి పొర్లితేనే శుభమని నాన్న వివరిస్తే, ఆయన నెత్తి గోక్కుని, "మరి ముందే చెప్పొద్దూ? మా ఆవిడ రోజూ నన్ను తిట్టేది ఆ శుభానికే," అన్నాడు. మళ్లీ వెలిగించి, మళ్లీ పొంగించాం. ఆయన రెండు గ్లాసుల పాయసం తాగి వెళ్లాడు. తలుపుకి నాన్న రంగు మార్చలేదు. అది పెదనాన్న కోసమేనని అమ్మకీ నాకూ తెలుసు. ఆయనకీ తెలిసే ఉంటుంది.

రాజకీయం చేయలేని పని వాస్తు చేసింది.

పక్క ఊరి ఆసుపత్రిలో ఒక తెలుగు డాక్టరుగారుండేవారు. ఒక జేబులో స్టెతస్కోపు, ఇంకో జేబులో దిక్సూచి. ఆ శీతాకాలం నాన్నకి ఎడమవైపు పట్టినట్టు నొప్పొస్తుంటే అమ్మ ఆయన్ని భోజనానికి పిలిచింది. ఆయన నాన్న ఛాతీ విని, పప్పుచారు తాగి, దిక్సూచి పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చి, "గుండెకేం లేదమ్మా. ఉన్నది ఇంటికి. నైరుతి మూల దారి ఉంది. అది యజమాని ప్రాణానికి మంచిది కాదు. మూయించెయ్యండి," అన్నాడు.

ఇన్నాళ్లూ ఆ సందులోంచే తిరిగాం, ఏం కాలేదు కదా అని మీరడగొచ్చు. మావాళ్ల లెక్క ప్రకారం దోషం తగిలేది ఇంటి సొంతదారుకి. అప్పటిదాకా అది కౌన్సిల్‌కి తగిలి ఉంటుంది, దాని పరిస్థితీ అలాగే ఉండేది. ఇప్పుడు సొంతదారు మా నాన్న. అమ్మకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ వారమే నాన్న ఇటుకలు తెప్పించాడు.

ఆదివారం నేను ఆటకి పోయి వచ్చేసరికి సందుకి అడ్డంగా గోడ మోకాలెత్తు లేచింది. పెదనాన్న అవతల నిలబడి చూస్తున్నాడు.

"ఏంటిది బ్రదర్?"

నాన్న నావైపు చూడకుండా, తాపీ పట్టుకుని మాటలు వెతుక్కున్నాడు. ఆయన ఇంగ్లీషు బస్సుకి సరిపడా ఉండేది. టికెట్లు, స్టాపులు, ముందుకు జరగండి. వాస్తుపురుషుణ్ని ఎక్కించుకునేంత చోటు దాంట్లో లేదు.

"ఈ మూల మంచిది కాదు," అన్నాడు చివరికి.

"ఏ మూల? మా వైపు మూలా?"

"అవును. ఇటువైపు. బ్యాడ్."

పెదనాన్న ఆ ఇటుకల్ని చూశాడు. వాటి వెనక, సొంతిల్లున్న మనిషిని చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు. కేకల్లేవు, తలుపు ధడాలుమనలేదు. ఆ చప్పుడైనా అయ్యుంటే బావుండేది.

నాన్నకి మొదట అర్థం కాలేదు. "ముందు గేటు తీసే ఉందిగా. అన్నదమ్ములు వీధి గుమ్మంలోంచి రాకూడదా?" అనేవాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ వీధిలో ముందు గుమ్మంలోంచి వచ్చేది పోలీసు, పాస్టరు, అద్దె వసూలువాడు. స్నేహితుడైనవాడు పెరట్లోంచే వస్తాడు. పెరటి దారి మూశావంటే స్నేహం మూశావన్నమాటే. మన దగ్గర పెరటి దారిన వచ్చేది చాకలీ, పిల్లీ. గౌరవమైనవాడు వీధి గుమ్మంలోంచి వస్తాడు. నాన్న ఆయన్ని గౌరవంగా రమ్మంటున్నాడు. ఆయనకేమో పోలీసులా రమ్మన్నట్టుంది.

విషయం అర్థమయ్యాక కూడా నాన్న వెళ్లి చెప్పలేదు. నన్ను పంపలేదు. చెప్పబోతే, నోరుజారిన ఆ బ్యాడ్ అన్న మాట ఇంకా ముదురుతుందనుకున్నాడో ఏమో. అమ్మ ఒకరోజు గోడ మీద గారెల గిన్నె పెట్టింది. మర్నాటికి గిన్నె అక్కడే ఉంది, గారెలు వాన నీళ్లలో ఉబ్బి తేలుతున్నాయి. పెద్దమ్మ చూడలేదో, చూసినా పెదనాన్న తియ్యనివ్వలేదో. బట్టలారేసుకునే తాళ్ల దగ్గర అమ్మా పెద్దమ్మా గోడకి అటూ ఇటూ నిలబడి దగ్గుకునేవారు. ఆ దగ్గులే వాళ్ల పలకరింపులు. పెదనాన్న నాన్నని డిపోలో మిస్టర్ అని ఇంటిపేరుతో పిలవడం మొదలుపెట్టాడు.

నాన్న నొప్పి మాత్రం తగ్గింది. అమ్మ గోడ వల్లే అంది. డాక్టరుగారిచ్చిన అరుగుదల మాత్రలు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాయని నేనంటే నెత్తిన మొట్టింది.

కొన్నేళ్లకి డిపోని ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మేశారు. బస్సుల టైములు బిగించారు. ఒక మంచు రోజున నాన్న, కర్ర పట్టుకుని నడిచే ఒక ముసలావిణ్ని స్టాపుకి ముందే, ఆవిడ ఇంటి గేటు దగ్గర దింపాడు. రూలు తప్పాడని కొత్త మేనేజరు ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు. విచారణ పెట్టారు. నాన్న తరఫున యూనియన్ నుంచి ఎవరొస్తారో తెలియదు. వెళ్లి చూస్తే పెదనాన్న కూర్చుని ఉన్నాడట, ఇంకొన్నాళ్లలో రిటైరయ్యేవాడు.

సాయంత్రం నాన్న వచ్చి అమ్మకి చెప్పాడు. "మేనేజరు గంటసేపు మాట్లాడాడు. ఈయన ఒక్కటే అడిగాడు. 'మీ అమ్మగారైతే ఏ స్టాపులో దింపేవాళ్లు సార్?' అని. ఆ మేనేజరు కుర్రాడు ఫైలు మూసేశాడు. ఉద్యోగం నిలబడింది."

"మరి బావగారికి దణ్ణం పెట్టారా?"

"బయటికొచ్చి చెయ్యి చాపాను. ఇలా తల ఊపి వెళ్లిపోయాడు." నాన్న బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "నా తరఫున మాట్లాడాడే. నాతో మాట్లాడలేదు."

ఆ మరుసటి వేసవిలో వాళ్లు సముద్రం ఒడ్డున ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారని తెలిసింది. పెద్దమ్మకి మోకాళ్లు పనిచెయ్యడం మానేశాయి. నేను అప్పటికి బడి వదిలేసి ఒక లాండ్రీలో పని చేస్తున్నాను. ఇంటి ముందు వ్యాను ఆగింది, సామాను ఎక్కింది. నేనూ నాన్నా కిటికీ తెర వెనక దొంగల్లా నిలబడ్డాం. అప్పుడు మా ముందు గేటు చప్పుడైంది.

పెదనాన్న. టోపీ చేతిలో పట్టుకుని, వీధి గుమ్మంలో, కొత్తవాడిలా. అమ్మ అలవాటుగా లేచి నిలబడింది.

"వెళ్తున్నాం," అన్నాడు. "వెళ్లేముందు ఒక్కటి అడగాలి. ఇల్లు కొన్నావు. సరే. గోడెందుకు కట్టావు?"

నాన్న నావైపు చూశాడు. ఆ చూపు కోసం నేను ఎన్నేళ్లో ఎదురు చూశాను. గబగబా చెప్పేశాను. మా లెక్కలో దిక్కులకి దేవతలుంటారని, నైరుతిలో దారి ఉంటే ఇంటి యజమాని ప్రాణానికి ముప్పని, అప్పుడు నాన్నకి నొప్పొచ్చేదని, అమ్మ నిద్రపోయేది కాదని.

ఆయన అంతా విన్నాడు.

"అయితే రాజకీయం కాదా?"

"కాదు."

"నేను కౌన్సిల్ ఇంట్లోనే ఉండిపోయాననీ కాదా?"

ఈసారి నాన్నే చెప్పాడు. "నో, బ్రదర్. సౌత్ వెస్ట్."

పెదనాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నవ్వుతాడనుకున్నాను. మొహం నవ్వుకి దగ్గరగా వచ్చి ఇంకెటో వెళ్లిపోయింది.

"ఆ మాట ఆ రోజే చెబితే," అన్నాడు, "ఇటుకలు నేనే మోసేవాణ్ని కదా."

వ్యాను హారన్ మోగింది. ఆయన టోపీ పెట్టుకుని గేటు దాకా వెళ్లి, గడియ జాగ్రత్తగా వేసి వెళ్లాడు. నాన్న ఆ పూట భోజనం చెయ్యలేదు. అమ్మ బలవంతపెట్టలేదు.

పక్కింటి కిటికీలకి కౌన్సిల్ చెక్కలు కొట్టింది. తరవాతి స్టాపులో ఎక్కేవాడెవడో వస్తాడని నాన్న చాలాకాలం చూశాడు. ఎవరూ రాలేదు. చివరికి దాన్ని ఎవరో కొని, గదికొకరిని పెట్టి అద్దెలు తీసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు ఏడాదికోసారి మారేవాళ్లు. మొహాలు గుర్తుపట్టేలోపే వెళ్లిపోయేవాళ్లు. నేనూ వెళ్లిపోయాను, అమెరికాకి. ఇక్కడా మురికి బట్టలే నాకు అన్నం పెట్టాయి.

నాన్న కోరుకున్నట్టే తన ఇంట్లో, తన మంచం మీద పోయాడు. ఎవరూ అరుగు మీద పెట్టమనలేదు. నేను వెళ్లేసరికి హాల్లో, దీపం దగ్గర, హాయిగా పడుకోబెట్టి ఉంచారు. వాన కూడా లేదు. తన గుమ్మంలోంచే వెళ్లాడు. మోయడానికి మాత్రం నాతో పాటు ఇంకో ముగ్గురు మనుషులు దొరక్కపోతే, దహనాల కంపెనీ నుంచి అద్దెకి తెప్పించాం. నల్లకోట్లు వేసుకున్న మంచి పిల్లలు. వాళ్లలో ఒకడు ఎత్తబోయే ముందు నా దగ్గరకొచ్చి, మీ నాన్నగారి పేరు ఎలా పలకాలండీ అని మెల్లగా అడిగాడు.